వీఎమ్‌లో టైమ్ వెనకబడుతోందా? క్రాన్‌తో డేట్ సెట్ చేయడం ముందు ఆపండి

మీరు అడిగింది ఇదే కదా: వీఎమ్‌లో (ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్) ఉన్న లైనక్స్ సర్వర్ టైమ్ రోజూ కొంత వెనకబడుతోంది, గంటకోసారి క్రాన్ (అనుకున్న టైమ్‌కి పనులు నడిపేది) నడిపి ఎన్‌టీపీ (నెట్‌వర్క్ మీద టైమ్ ఇచ్చే పద్ధతి) నుంచి టైమ్ తెచ్చి పెట్టేస్తున్నారు, అది చాలదా, అసలు బోర్డు మీద బ్యాటరీ గడియారం ఉండగా కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) వేరేగా లెక్కపెట్టుకోవడం దేనికి అని.

రెండోదానికి ముందు చెప్తా. ఆ బ్యాటరీ గడియారం (ఆర్‌టీసీ) సెకన్ల వరకే చెప్తుంది, చదవడం కూడా నిదానం. అందుకే పొద్దున గోడ గడియారం చూసి చేతి వాచీ సరిచేసుకుని బయల్దేరినట్టు, కెర్నల్ బూట్ అయ్యేటప్పుడు దాన్ని చూసుకుని, ఆ తర్వాత టీఎస్‌సీ (ప్రాసెసర్‌లోనే ఉండేది) లాంటి కౌంటర్ ఎన్ని సైకిళ్లు తిరిగిందో చూసి, ఒక గుణకంతో నానోసెకన్లుగా మార్చుకుంటూ పోతుంది. ఆ గుణకంలో 10 లక్షలకు 20 వంతులు తేడా ఉన్నా (గడియారాన్ని నడిపే క్రిస్టల్స్‌కి ఇది మామూలే) రోజుకు దాదాపు 1.7 సెకన్లు జారుతుంది. మీ క్రాన్ టైమ్‌ని మారుస్తోంది గానీ ఈ వేగం జోలికి పోవడం లేదు, కాబట్టి మార్చిన మరుక్షణం నుంచే మళ్లీ జారుడు మొదలు.

మీది వెనకబడుతోంది కాబట్టి ప్రతిసారీ ముందుకే దూకుతుంది, అదృష్టం. నేను పనిచేసిన ఒక చోట బిల్లింగ్ సర్వర్ టైమ్ ముందుకు పరుగెత్తేది, అక్కడా ఇదే గంటకోసారి క్రాన్. ఒక కాల్ మొదలైంది 10:00:01కి, ముగిసింది 09:59:59కి! వ్యవధి మైనస్ 2 సెకన్లు. అందరూ డేటాబేస్‌ని తిట్టుకుంటున్నారు, తీరా ఆ మైనస్ వరుసలన్నీ పక్కన పెట్టి చూస్తే ఒక్కటి కూడా గంట కొట్టే సమయానికి దూరంగా లేదు.

క్రాన్ తీసేసి క్రోనీ (ఎన్‌టీపీతో టైమ్‌ని ఎప్పుడూ సరిచేస్తూ ఉండే ప్రోగ్రామ్) పెట్టండి. అది తేడా ఎంత ఉందో, ఎంత వేగంతో పెరుగుతోందో కొలిచి ఆ వేగాన్నే కెర్నల్‌కి చెప్తుంది, టైమ్ వెనక్కి దూకకుండా మెల్లగా సర్దుకుంటుంది. అదే పని చేసే పాత ప్రోగ్రామ్ ఎన్‌టీపీడీ కూడా పనికొస్తుంది గానీ, దాని సర్దుబాటు వేగం 500 పీపీఎమ్ (10 లక్షలకు 500 వంతులు) దాటదు, అంటే ఒక్క సెకను సర్దడానికే 33 నిమిషాలు. క్రోనీ ఇంతకంటే చాలా వేగంగా లాగగలదు. వీఎమ్‌ని పాజ్ చేసి మళ్లీ లేపుతుంటే క్రోనీలో మేక్‌స్టెప్ (టైమ్‌ని ఒక్కసారిగా ఎప్పుడు దూకించవచ్చో చెప్పేది) సెట్టింగ్ ఒకసారి చూసుకోండి, చాలా చోట్ల అది మొదటి మూడు అప్‌డేట్ల వరకే దూకనిస్తుంది. ఏ సర్వర్ల నుంచి టైమ్ తీసుకోవాలంటే, ఇండియాలో నడిచేవాటికి 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) చెప్పేసింది: ఎన్‌ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా ఎన్‌పీఎల్ (నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ) సర్వర్లు, కాకపోతే వాటితో ముడిపడినవి.

ఇంకోటి, కరెంట్ క్లాక్‌సోర్స్ (కెర్నల్ ఇప్పుడు టైమ్ లెక్కకు వాడుతున్న కౌంటర్) ఏముందో చూడండి. కేవీఎమ్ (లైనక్స్‌లో వీఎమ్‌లు నడిపే ఏర్పాటు) మీద నడిచే వీఎమ్ అయితే కేవీఎమ్-క్లాక్ గానీ టీఎస్‌సీ గానీ ఉండాలి. హెచ్‌పెట్ (బోర్డు మీదుండే నిదానమైన టైమర్) కనిపిస్తే డీమెసేజ్‌లో (కెర్నల్ సందేశాలు చూపించే కమాండ్) టీఎస్‌సీ అన్‌స్టేబుల్ అనే లైన్ వెతకండి, అలా టీఎస్‌సీ నుంచి హెచ్‌పెట్‌కి పడిపోయాక ప్రోగ్రామ్‌లు టైమ్ అడిగిన ప్రతిసారీ నిజంగానే కెర్నల్‌లోకి వెళ్లి రావాలి, టైమ్ ఎక్కువగా అడిగే డేటాబేస్‌లకు అది బాగా తగులుతుంది.

కోడ్ మీ చేతిలోనే ఉంటే, ఎంతసేపు పట్టిందో కొలవడానికి రియల్‌టైమ్ క్లాక్ (తేదీ, గంట చెప్పేది) వాడకండి, మోనోటోనిక్ (ఎప్పుడూ ముందుకే పోయేది) వాడండి. ఎవరు డేట్ మార్చినా అది వెనక్కి పోదు.