తోడు వెళ్ళే మనిషి దొరికిన రోజే అమ్మాయిల జట్టు పుట్టింది

ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిధిలో అమ్మాయిల అథ్లెటిక్స్ తొలిరోజుల్లో ఎలా ఉండేది, గోదావరి జిల్లాల కళాశాలల నుంచి పోటీలకు వెళ్ళినవారు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. నేను వెళ్ళాను. కోనసీమలోని ఒక డిగ్రీ కళాశాల తరఫున 1980ల మొదట్లో 800 మీటర్లు పరుగెత్తాను. రాజమండ్రిలో నన్నయ విశ్వవిద్యాలయం వచ్చింది 2006లో. అంతవరకు మా రెండు జిల్లాల డిగ్రీ కళాశాలలు విశాఖ వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం కిందే ఉండేవి. పరీక్ష రాసినా, డిస్కస్ విసిరినా మా చూపు అటువైపే.

ఎప్పుడు మొదలైందని అడిగితే చాలామంది పి.టి. ఉష పేరు చెప్పి 1984 అంటారు. లాస్ ఏంజెలిస్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌లో ఆమెకు సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం చేజారింది. ఆ తరువాత ఊరూరా ఆడపిల్లలకు పరుగు మీద ఆశ కలిగిన మాట నిజమే. కానీ అంతకు ముందే మేమున్నాం, మాకు ముందు మా అక్కల తరం ఉంది. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో నీలిమా ఘోష్, మేరీ డిసౌజా మన దేశం తరఫున పరుగెత్తారు. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కమల్‌జీత్ సంధు 400 మీటర్లలో స్వర్ణం గెలిచింది. ఈ పేర్లన్నీ మాకు ఆటలు నేర్పే పి.డి. (ఫిజికల్ డైరెక్టర్) మాస్టారు పత్రికల్లోంచి కత్తిరించి ఒక లెక్కల పుస్తకంలో అంటించి ఉంచేవారు. వర్షం వచ్చి మైదానంలోకి దిగలేని రోజుల్లో ఆ పుస్తకం మా చేతికిచ్చి చదివించేవారు.

అయితే మీకు సంవత్సరం కావాలంటే నేను చెప్పను. నా అనుభవం కొద్దీ గట్టిగా చెప్పేది ఒకటే. ఏ కళాశాలలోనైనా అమ్మాయిల జట్టు పుట్టింది విశ్వవిద్యాలయం సర్క్యులర్ పంపిన రోజున కాదు, ఆ పిల్లలతో పాటు రైలెక్కడానికి ఒక ఆడమనిషి ఒప్పుకున్న రోజున. మా డెల్టాలో ఏ కళాశాల చరిత్ర తవ్వినా ఇదే బయటపడుతుంది.

దానికి ముందు 800 మీటర్ల గురించి చెప్పాలి, ఎందుకంటే ఆ దూరం మీద నాకు పట్టుదల ఎక్కువ. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడింది. మరో రెండేళ్ళకు, 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో, ఒలింపిక్స్ ట్రాక్ మీదికి మొట్టమొదటిసారి స్త్రీలను రానిచ్చారు. 800 మీటర్లలో జర్మనీకి చెందిన లీనా రాడ్కే గెలిచింది. జపాన్ అమ్మాయి కినుయే హితోమి రెండోస్థానంలో వచ్చింది. గీత దాటాక కొందరు అలసి నేల మీద వాలిపోయారని పత్రికలు గగ్గోలు పెట్టాయి. ప్రాణం పెట్టి పరుగెత్తిన మనిషి వాలిపోక ఏం చేస్తుంది? ఆ గోలతో స్త్రీలకు ఆ పందెమే లేకుండా చేశారు. మళ్ళీ పెట్టింది 1960లో, రోమ్‌లో. 32 ఏళ్ళు! నేను పరుగెత్తే నాటికి కూడా ఒలింపిక్స్‌లో స్త్రీలకున్న పరుగుల్లో అన్నిటికన్నా పెద్దది 1500 మీటర్లే. మారథాన్ 1984లో గానీ రాలేదు.

ఆ భయమే మా ఊరి అరుగుల మీద కూడా కూర్చుని ఉండేది. ఆడపిల్ల అంత దూరం పరుగెత్తితే రేపు కాన్పు కష్టమవుతుందని మా మేనత్త మా అమ్మతో అనడం నేను చెవులారా విన్నాను. అదే మేనత్త ఏటా మోకాటి లోతు బురదలో పొద్దుగూకే దాకా వంగి నాట్లు వేసేది. కోతల్లో వరి మోపులు నెత్తికెత్తుకుని చేల గట్ల మీద నడిచేది. ఆ పనికి లేని ప్రమాదం రెండు చుట్లు పరుగెత్తితే ఎక్కడి నుంచి వస్తుందని ఎవరూ ఆలోచించలేదు. నాకు ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే కోపం వస్తుంది.

ఇక సాధన. మా కళాశాల మైదానం ఒండ్రు నేల. వానాకాలం పొడుగునా నీళ్ళు నిలిచేవి, కాస్త ఆరగానే మట్టి పాదాలకు ముద్దలు ముద్దలుగా అంటుకునేది. అందుకని మాస్టారు మమ్మల్ని కాలువ గట్టు మీద పరుగెత్తించేవారు. లాకుల దగ్గర మొదలుపెట్టి తూము దాకా, అక్కడ వెనక్కి తిరిగి మళ్ళీ లాకుల దాకా. ఆయన సైకిలు మీద పక్కనే వచ్చేవారు, మెడలో స్టాప్‌వాచీ. హైజంప్ గుంటలో ఇసుక మీద రైసు మిల్లు నుంచి తెచ్చిన ఊక పోసేవారు. దూకినంతసేపూ బాగానే ఉండేది, ఇంటికెళ్ళాక ఒళ్ళంతా దురద. రిలేకి బ్యాటన్లు వెదురు ముక్కలు. జావెలిన్ కూడా వెదురుదే. ఇనప గుండు మాత్రం అసలుదే ఉండేది, 4 కిలోలది. కూలి ఇళ్ళ నుంచి వచ్చిన ఒక అమ్మాయి దాన్ని మొదటిరోజే మా అందరికంటే దూరం విసిరింది. అంతకు ముందు దాన్ని ఆమె కనీసం చూడనైనా లేదు.

దుస్తుల గురించి ఎక్కువ రాయను. అమ్మాయిల ఆటలనగానే అందరూ అక్కడికే వెళ్తారు, అదేదో పెద్ద సమస్య అన్నట్టు. లంగా ఓణీలో వచ్చి, ఓణీ తీసి, పైజమా చొక్కా వేసుకుని పరుగెత్తేవాళ్ళం. వారం రోజులు ఊరు చూసింది, తరువాత చూడడం మానేసింది. గేమ్స్ ఫీజు మాట వేరు. అది అబ్బాయిల దగ్గర ఎంతో మా దగ్గరా అంతే కట్టించుకునేవారు. కొన్నవి మాత్రం క్రికెట్ బ్యాట్లు, వాలీబాల్ వలలు. మాకు ఒక్క జత స్పైకులు (పరుగుకు వాడే మేకుల బూట్లు) కూడా ఆ డబ్బుతో రాలేదు.

అసలు సంగతికి వస్తాను. అది ఢిల్లీ ఆసియా క్రీడలు జరిగిన చలికాలం, 1982. మహిళల 400 మీటర్ల హర్డిల్స్‌లో ఎం.డి. వాల్సమ్మ స్వర్ణం గెలిచిన వార్తను మాస్టారు నోటీసు బోర్డుకు అంటించారు. అంతర కళాశాలల పోటీలకు మా పేర్లు పంపారు. బయలుదేరడానికి రెండు రోజుల ముందు ప్రిన్సిపాల్ గారు పిలిచి, మహిళా సిబ్బంది ఎవరూ తోడు లేకుండా ఆడపిల్లలను పంపేది లేదన్నారు. మాస్టారు ఎంత మంచివారైనా మగమనిషే కదా, మా తల్లిదండ్రుల మాటా అదే. మహిళా లెక్చరర్లు ఉన్నదే తక్కువ. ఒకరికి చంటిపిల్ల, మరొకరి అత్తగారికి ఒంట్లో బాగాలేదు. వాళ్ళను నేను తప్పుపట్టను.

మా కళాశాలలో గంట కొట్టి, కుండల్లో నీళ్ళు నింపే ఒక ఆవిడ ఉండేది. అందరం పిన్ని అనే పిలిచేవాళ్ళం. సాయంత్రాలు మేము గట్టు మీద పరుగెత్తుతుంటే మా ఓణీలు, చెప్పులు, పుస్తకాలు చూసుకుంటూ తూము దగ్గర కూర్చునేది. ఆవిడ గుమ్మంలోనే నిలబడి, "నేను వెళ్తానండి" అంది.

"నువ్వు రైలు ఎప్పుడైనా ఎక్కావా?" అని అడిగారు ప్రిన్సిపాల్ గారు.

"లేదండి. పిల్లలు చదువుకున్నవాళ్ళు, వాళ్ళు ఎక్కిస్తారు."

"మరి గంట ఎవరు కొడతారు?"

"మా అబ్బాయికి చెప్తానండి. వాడికి వేళలన్నీ తెలుసు."

ఆయన చాలాసేపు కాగితాలు తిరగేసి, చివరికి సంతకం పెట్టారు.

అమలాపురం నుంచి బస్సులో ముక్తేశ్వరం వెళ్ళాం. అక్కడ రేవులో పంటు, అంటే మనుషుల్ని నది దాటించే పెద్ద పడవ, ఎక్కి గోదావరి పాయ గౌతమి దాటి కోటిపల్లి చేరాం, మళ్ళీ బస్సు, సామర్లకోటలో రైలు. పంటు నది మధ్యకు రాగానే పిన్ని వంగి నీళ్ళు తీసి ఒక్కొక్కరి నెత్తిన చల్లింది. షాట్‌పుట్ అమ్మాయికి మాత్రం కుడిచేతి మీద కూడా చల్లింది. రైలులో చక్కెరకేళి అరటిపళ్ళు, పులిహోర. రాత్రి మాకు ఇచ్చిన గదిలో మేమంతా గోడవారగా పడుకుంటే ఆవిడ తలుపుకు అడ్డంగా చాప వేసుకుని పడుకుంది. కొత్త ఊరు, కొత్త చోటు, అయినా ఆ రాత్రి మా అందరికీ నిద్ర పట్టింది. రేపు పరుగెత్తాల్సిన పిల్లకు నిద్రకంటే పెద్ద శిక్షణ లేదని నేను ఇప్పటికీ వాదిస్తాను.

మర్నాడు మైదానంలో పూర్తి 400 మీటర్ల ట్రాక్ చూశాను. కాలువ గట్టు మీద తిన్నగా పరుగెత్తడం అలవాటైన కాళ్ళకు ఆ పొడవాటి మలుపులు అర్థం కాలేదు. మొదటి చుట్టు ముందున్న వాళ్ళతో సమానంగా వెళ్ళాను. రెండో చుట్టులో అవతలి వైపుకు వచ్చేసరికి గొంతు ఎండి, తొడలు బిగుసుకుపోయి, ఇంకెంత దూరముందో కూడా తెలియలేదు. జనమంతా గమ్యం దగ్గర ఉన్నారు, అటువైపు ఎవరూ లేరు. పిన్ని ఒక్కతే ఉంది. మా ఓణీలన్నీ గుండెలకు అదుముకుని, ఆ చివరి మలుపు దగ్గర సున్నపు గీతకు బయట నిలబడి, "తూము దాటేశావు తల్లీ! లాకులు కనబడుతున్నాయి, ఆగకు!" అని కేక పెట్టింది.

ఆ క్షణంలో నాకు దూరం అర్థమైంది. తూము నుంచి లాకుల దాకా ఎంత ఊపిరి దాచుకోవాలో, ఎక్కడ వదలాలో నా కాళ్ళకు తెలుసు. ఇద్దరిని దాటి నాలుగోస్థానంలో వచ్చాను. షాట్‌పుట్‌లో మా అమ్మాయి రెండోస్థానం తెచ్చింది. కోచింగు గురించి ఎంతమంది ఎన్ని చెప్పినా, పరుగెత్తే మనిషికి తెలిసిన గుర్తుల్లో దూరాన్ని చెప్పడం కంటే మంచి కోచింగు నేను ఎక్కడా చూడలేదు.

తిరిగి వచ్చాక ప్రార్థన సమయంలో మా పేర్లు చదివారు, చప్పట్లు కొట్టారు. పిన్ని పేరు చదవలేదు. ఆవిడది పర్మినెంటు ఉద్యోగం కాదు. మాతో వచ్చిన రోజులకు జీతం కోసేశారు. గంట కొట్టిన కొడుకుకు ఏమీ ఇవ్వలేదు. ఈ సంగతి ఆవిడ మాకు చెప్పలేదు, నెల తిరిగాక ఆ అబ్బాయి నోటినుంచి బయటికి వచ్చింది. మేమంతా కలిసి వెళ్ళి అడిగితే, అటెండర్లకు ప్రయాణ భత్యం ఇవ్వడానికి నిబంధన లేదన్నారు. జట్టును పంపడానికి మహిళ ఉండాలనే నిబంధన ఉంది, ఆ మహిళకు తిండి ఖర్చు ఇవ్వడానికి లేదు. ఇది అన్యాయమని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

మాస్టారు ఊరుకోలేదు. మరుసటి ఏడు గేమ్స్ ఫండ్ అంచనాలో బంతులు, సున్నం, మందుల పెట్టెతో పాటు "తోడు వెళ్ళే మహిళ ఖర్చు" అని ఒక పద్దు రాశారు. దాన్ని కొట్టేస్తే మళ్ళీ రాశారు. చివరికి మంజూరైంది. ఆ ఏడు జట్టులోకి కొత్త పిల్లలు చాలామంది వచ్చారు. వాళ్ళ తండ్రులు మాస్టారిని ట్రాక్ గురించి, పతకాల గురించి ఏమీ అడగలేదు. "పిన్ని వెళ్తోందా?" అని అడిగి సంతకం పెట్టారు. అందుకే నేను ఆ పద్దును మా కళాశాల అమ్మాయిల అథ్లెటిక్స్‌కు పునాది అంటాను.

ఇప్పుడు పరిస్థితి మారిందంటారు. కొంత మారింది. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ 2023లో చైనాలోని చెంగ్డూలో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 100 మీటర్ల హర్డిల్స్‌ను 12.78 సెకన్లలో ముగించి, జాతీయ రికార్డుతో కాంస్యం గెలిచింది. టీవీలో చూస్తూ ఏడ్చాను. కానీ మా వైపు కళాశాలలు చూడండి. మైదానం ఉన్నచోట కొత్త బ్లాకు లేస్తుంది, లేదా ఎగ్జిబిషన్‌కు అద్దెకిస్తారు. పి.డి. రిటైరైతే ఆ కుర్చీ ఏళ్ళ తరబడి ఖాళీ. మైదానమే లేని కళాశాలలకు అనుమతి ఎలా ఇస్తారో నాకు అర్థం కాదు. పిల్లలకు ఆసక్తి లేదని మాత్రం అనకండి. మా వీధి పిల్లలు ఇప్పటికీ తెల్లవారుజామున కాలువ గట్టు మీద పరుగెత్తుతున్నారు. వాళ్ళలో ఆడపిల్లలే ఎక్కువ.

మీరు ఈ చరిత్ర రాయాలనుకుంటే రికార్డుల పట్టికలతో మొదలుపెట్టకండి. పాత గేమ్స్ ఫండ్ ఖర్చు పుస్తకాలు అడిగి, జట్టుతో ఎవరు వెళ్ళారు, వాళ్ళ టికెట్టు డబ్బు ఎవరిచ్చారు అన్నది చూడండి. మీది ఏ ఊరో, ఏ కళాశాలో చెబితే, అక్కడ ఆ రోజుల్లో ఆడినవాళ్ళను నేను వాకబు చేస్తాను. అమలాపురం వైపు, నరసాపురం వైపు నాకు తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారు. అందరూ అమ్మమ్మలు, నానమ్మలు అయ్యారు. సాయంత్రం పూట ఫోను చేయండి, తీరికగా చెబుతారు.