అల్లుడి ఇంటిపేరు వెతకాలంటే

చి.ల.సౌ. లావణ్యకు,

పెద్దనాన్న ఆశీస్సులు.

ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఇంటిపేరు ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కుని అల్లుడి పుట్టినరోజుకి ఫ్రేము కట్టించి ఇస్తానన్నావు. బాగుంది. కానీ షాపుల్లో అమ్మే ‘ఫ్యామిలీ క్రెస్ట్’ (వంశచిహ్నం) జోలికి మాత్రం వెళ్లకు. స్కాట్లండ్‌లో ఆ చిహ్నాన్ని ఒక మనిషికి ఇస్తారు, ఆ ఇంటిపేరున్న వాళ్లందరికీ కాదు. షాపువాడికి ఆ పట్టింపు ఎందుకుంటుంది!

ఆ పేరు కథ మాత్రం భలే ఉంటుంది. స్కాట్లండ్, ఇంగ్లండ్ సరిహద్దులో లిడ్స్‌డేల్ లోయ ఆ ఇంటిపేరువాళ్ల అడ్డా. రాత్రికి రాత్రి అవతలివాళ్ల పశువుల్ని తోలుకొచ్చేవాళ్లు. జానీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనేవాణ్ణి 1530లో ఐదో జేమ్స్ రాజు ఉరి తీయించాడు. 1603లో రెండు రాజ్యాలకీ ఒకే రాజు వచ్చేసరికి సరిహద్దు దొంగలకు చోటు లేకుండా పోయింది. చాలామంది ఐర్లండ్ ఉత్తరాన అల్స్టర్ చేరారు, అందులోనూ ఫర్మానా కౌంటీకి. అల్స్టర్ నుంచి 1717, 1775 మధ్య అమెరికా వచ్చినవాళ్ల సంతతినే స్కాచ్-ఐరిష్ అంటున్నాం. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ని 1972లో స్కాట్లండ్‌లోని లాంగమ్ ఊరివాళ్లు పిలిచి గౌరవ పౌరుణ్ణి చేసుకున్నారు కూడా.

ఇదంతా పేరు సంగతి. అల్లుడి కుటుంబం సంగతి వేరే తేలాలి. లైబ్రరీలో వంశచరిత్రల సీట్లో పనిచేసిన రోజుల్లో చూసేవాణ్ణి, వచ్చినవాళ్లంతా నేరుగా ఐర్లండ్‌కి ఎగిరేవాళ్లు. నువ్వు మాత్రం ఇప్పటి నుంచి ఒక్కో తరం వెనక్కి నడువు. అమెరికా జనాభా లెక్కల్లో 1850 నుంచే ఇంట్లో అందరి పేర్లూ ఉంటాయి, అంతకు ముందు యజమాని పేరు ఒక్కటే. అక్కడి నుంచి వీలునామాలు, భూమి దస్తావేజులు, పన్ను జాబితాలే దిక్కు. మన జిల్లాల్లాగే అక్కడి పెన్సిల్వేనియా రాష్ట్రంలో కౌంటీలూ చీలుతూ వచ్చాయి. 1750కి ముందు కంబర్‌లండ్ అంతా లాంకాస్టర్‌లోనే ఉండేది, కాబట్టి పాత కాగితాలు అక్కడే వెతకాలి.

దస్తావేజులో సాక్షి సంతకాలు వదలకు. ఈ పనిలో అసలు బంగారం అవే. వీళ్లు ఒంటరిగా వచ్చింది తక్కువ, ఇరుగుపొరుగు, బావమరుదులు, పాస్టరు కలిసి కదిలేవాళ్లు. నీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఏ ఊరివాడో ఎక్కడా రాసి ఉండకపోవచ్చు, పక్క పొలంవాడి సమాధిరాయి మీద ఐర్లండ్‌లోని ఆ కౌంటీ పేరు ఉండొచ్చు. స్పెల్లింగ్ పట్టుకుని కూర్చోకు, గుమస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు.

ఐర్లండ్ వైపు కొంచెం టెన్షనే. 1922 అంతర్యుద్ధంలో డబ్లిన్ రికార్డు ఆఫీసు తగలబడి, 1821–1851 జనాభా లెక్కలు చాలావరకు పోయాయి. 1630 ప్రాంతపు మస్టర్ రోల్స్ (ఆయుధం పట్టగల మగవాళ్ల జాబితాలు), 1660ల నాటి పొయ్యి పన్ను జాబితాలు కొన్ని మిగిలాయి. వాటి కోసం బెల్‌ఫాస్ట్‌లోని ప్రోనీని, అంటే ఉత్తర ఐర్లండ్ ప్రభుత్వ రికార్డు ఆఫీసును, అడగాలి. 1796లో అవిసె వేసిన రైతుల జాబితా కూడా ఉంది, అయితే అందులో ఉండేది అక్కడే ఉండిపోయిన దాయాదులు.

డీఎన్ఏ పరీక్ష చేయిస్తే వై-డీఎన్ఏ చేయించండి, అల్లుడి చేత గానీ వాళ్ల నాన్న చేత గానీ. ఇంటిపేరులాగే అది తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. నీ చేత చేయిస్తే ఈ పనికి పనికిరాదు.

ముందు మీ అత్తగారికి ఫోన్ చేసి పాత బైబిల్ ఉందేమో అడుగు. పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు అందులో రాసుకోవడం వాళ్లకు అలవాటు. ఉంటే ఆ పేజీల ఫోటోలు నాకు వాట్సాప్ చెయ్యి, ముందున్న ప్రచురణ సంవత్సరం పేజీతో సహా.

మీ పెద్దనాన్న