యాక్షన్ అడిగితే ఇన్‌పుట్ వచ్చింది

ప్రశ్న: అన్నా, రొయ్యల మేత ఆర్డర్లకి ఫారం రాశా, జావాస్క్రిప్ట్‌లో ఫారం డాట్ యాక్షన్ (ఫారం ఏ అడ్రస్‌కి పోవాలో అది) అని అడిగితే యూఆర్‌ఎల్ రాకుండా ఏదో ఎలిమెంట్ వస్తా ఉంది, ఏందిది?
- ఓ పాఠకుడు, కావలి

జవాబు: ఫారంలో యాక్షన్ అనే నేమ్‌తో హిడెన్ ఇన్‌పుట్ (పేజీలో కనపడని గడి) పెట్టుంటావు, చూసుకో అబ్బయా. లోపలుండే ఇన్‌పుట్ల పేర్లు యాక్షన్, సబ్మిట్ లాంటి ఫారం సొంత ప్రాపర్టీలని కప్పేస్తాయి, పాత బ్రౌజర్ల కాలం నుంచి ఉండే తలనొప్పే ఇది. ఆ పేరు మార్చెయ్, కుదరకపోతే ట్యాగ్‌లో రాసింది చదివే గెట్‌అట్రిబ్యూట్‌తో అడుగు, కాకపోతే అది నువ్వు రాసింది రాసినట్టే ఇస్తది, ప్రాపర్టీ అయితే సైట్ అడ్రస్‌తో కలిపి మొత్తం యూఆర్‌ఎల్ ఇస్తది, అందుకని రెండిట్నీ పోల్చబాకు. బటన్‌కి సబ్మిట్ అని నేమ్ మాత్రం అస్సలు పెట్టబాకు, తర్వాత ఫారం డాట్ సబ్మిట్ పిలిస్తే అది ఫంక్షనే కాదంటది, నాకైతే ఓ రాత్రంతా పట్టింది అది కనిపెట్టడానికి.