నీళ్లు తగ్గాక రా, బుజ్జీ

చి. బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

పిల్లలతో పులికాట్ చూడ్డానికి దీపావళికి వస్తానన్నావు. అప్పుడొద్దు. ఈశాన్య వానలకు సరస్సు నిండిపోతుంది. రాజహంసలకు, అదే ఫ్లెమింగోలకు, కావాల్సింది లోతు లేని నీళ్లు. తల కిందులుగా వంచి, ముక్కుతో ఆ నీళ్లు వడగట్టుకుని తినే పక్షులవి. సంక్రాంతి దాటనివ్వు. సూళ్లూరుపేటలో పక్షుల పండగ జరిగే రోజులు మాత్రం తప్పించు, మనుషుల్ని చూసి పోతావు.

ముందురోజు రాత్రికే ఇంటికి చేరండి. తెల్లారకముందే శ్రీహరికోట రోడ్డెక్కాలి. సరస్సు మధ్యలోంచి పోయే రోడ్డది, నీళ్లున్న కాలంలో రెండు పక్కలా అద్దమే. నువ్వు ఉత్తరం వైపే చూడు. చలికాలపు ఎండ దక్షిణం నుంచి పడుతుంది గనక అటువైపు పక్షుల రంగు తేలుతుంది. రెండోవైపు నల్లటి నీడలే. షార్ రాకెట్ కేంద్రం బస్సులు వరసకట్టే వేళకు అటకానితిప్ప దగ్గర బండి పక్కకు తీసుకో. చివర చెక్‌పోస్టు దాటనివ్వరు, బతిమాలకు.

నీళ్లలోకి మాత్రం దిగొద్దు. నీ వయసులో నేను దిగాను. నీళ్లు చీలమండ లోతే, బురద మోకాలు దాటింది. చెప్పులు అక్కడే పోయాయి, మంద మొత్తం లేచిపోయింది. ఆ రోజు మీ పెద్దమ్మ ఒక్క మాటా అనలేదు, ఇప్పటిదాకా అంటూనే ఉంది. ఎగిరే ఫోటో కోసం హారన్ కొట్టేవాళ్లనూ చూశాను. తింటున్న మనిషిని విస్తరి ముందు నుంచి లేపడమే అది.

ఎండెక్కాక నేలపట్టు. దొరవారిసత్రం దాటితే దగ్గరే. చెరువు నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. తల్లి గొంతుసంచిలోకి పిల్ల తల దూర్చి చేప లాక్కుంటుంటే నీ పిల్లలు అక్కణ్నుంచి కదలరు. ఊరివాళ్లు 1976లో అభయారణ్యం కాకముందు నుంచే వాటి జోలికి పోరు. రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి బలమని వాళ్లకు తెలుసు.

తడలో పడవలు, తమిళనాడు వైపు డచ్చివాళ్ల సమాధులు ఇంకోసారి చూద్దాం. చిలికా తర్వాత దేశంలో అంతటి ఉప్పునీటి సరస్సు ఇదే, ఒక్క పూటలో తేలేది కాదు.

బైనాక్యులర్ కొనకు, నాదుంది. పిల్లలకు మెరిసే బట్టలు వేయకు. టికెట్లు తీసే ముందు ఫోన్ చెయ్యి. వానలు ముఖం చాటేసిన ఏడు నేలపట్టు చెరువు నిండదు, గూళ్లూ ఉండవు. వెళ్లి చూసొచ్చి చెబుతాను.

మీ పెదనాన్న