బెంగళూరు ఉరుముల వాన: కొత్తగా వచ్చిన కెమెరావాళ్ళ సందేహాలు

బెంగళూరుకి కొత్తగా వచ్చిన మనవాళ్ళలో కెమెరా పిచ్చి ఉన్నవాళ్ళు మొదటి వేసవిలోనే అడిగే మాట ఒకటుంది: అమెరికావాళ్ళలాగా కారేసుకుని ఉరుముల వాన వెంట పడొచ్చా అని. పడకూడదు, పడలేరు కూడా. అక్కడి మైదానాల్లో కింది గాలికీ పై గాలికీ వేగంలో, దిక్కులో చాలా తేడా ఉంటుంది. ఆ తేడా వల్ల మబ్బు మొత్తం గిర్రున తిరుగుతూ గంటల తరబడి బతుకుతుంది. రోడ్లు తిన్నగా, ఖాళీగా ఉంటాయి కాబట్టి వాళ్ళు దాని వెంట వెళ్ళగలరు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఆ తేడా తక్కువ. ఒక్కో మబ్బు ముప్పావుగంటో గంటో ఉండి, తన వానలోనే తాను చల్లబడి కరిగిపోతుంది, పక్కన ఇంకొకటి లేస్తుంది. మీరు మారతహళ్ళిలో బయల్దేరి సిల్క్ బోర్డు దాటేసరికి మీరు వెతుక్కుంటూ వెళ్ళిన మబ్బు ఆనవాలు కూడా మిగలదు. అందుకని ఇక్కడి పద్ధతి వేరు. మబ్బు ఎటు నుంచి వచ్చేలా ఉందో చూసుకుని, ముందే ఒకచోట కుదురుగా కూర్చోవాలి.

ఎప్పుడు కూర్చోవాలి?

మార్చి చివర్లో మామిడి జల్లులతో మొదలవుతుంది. అసలు ఆట భరణి, కృత్తిక కార్తెల్లో, అంటే ఏప్రిల్ ఆఖరి వారం నుంచి మే మూడో వారం దాకా. కన్నడ రైతులు కూడా మనలాగే కార్తెల లెక్కే చెబుతారు: 'భరణి మళె, ధరణి బెళె' అని. భరణిలో వాన పడితే భూమంతా పంటేనట. జూన్ మొదటి రోజుల్ని కూడా వదలొద్దు. 2024 జూన్ 2న నగరంలో ఒక్కరోజే 111 మిల్లీమీటర్లు కురిసింది. నైరుతి గట్టిపడ్డాక జూలైలో ముసురే తప్ప మెరుపులు తక్కువ. మళ్ళీ సెప్టెంబరు, అక్టోబరులో రెండో విడత వస్తుంది.

రోజులో అయితే మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 9 మధ్య. ఫొటోకి అన్నిటికంటే మంచి సమయం సూర్యాస్తమయం తర్వాతి ఇరవై నిమిషాలు. మే నెలలో అది సుమారు 6:40 నుంచి 7 దాకా. ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది, మబ్బు ఆకారం కనిపిస్తూనే ఉంటుంది, మెరుపూ పడుతుంది. ఇరవై నిమిషాలు దాటితే చీకట్లో గీతలు తప్ప మబ్బు దొరకదు.

ఎండ బాగా కాసింది కాబట్టి సాయంత్రం వాన గ్యారంటీ అనుకోవద్దు. ఎండతోపాటు తేమ కావాలి. వాతావరణ శాఖ బులెటిన్‌లో విదర్భ నుంచి కర్ణాటక లోపలి భాగం మీదుగా తమిళనాడు వైపు ద్రోణి (పీడనం తక్కువగా ఉన్న పొడవాటి పట్టీ) లేదా గాలుల విచ్ఛిన్నత (గాలి దిక్కు ఒక్కసారిగా మారే గీత) ఉందని రాస్తే ఆ రోజు కెమెరా చార్జింగ్ పెట్టుకోండి. బంగాళాఖాతం తేమ, అరేబియా తేమ ఆ గీత మీదే కలుసుకుంటాయి. ఉదయం డ్యూ పాయింట్ (గాలిలో తేమ ఎంతుందో చెప్పే ఉష్ణోగ్రత) 18 డిగ్రీలు దాటితే ఆశ పెట్టుకోవచ్చు, 14 దగ్గరుంటే ఆఫీసు పని చూసుకోండి.

ఏ యాప్ నమ్మాలి?

ఒక్కదాన్నీ పూర్తిగా నమ్మొద్దు. ఆంధ్రలో విపత్తుల సంస్థ మండలాల పేర్లతో పంపే పిడుగు హెచ్చరికలకి అలవాటుపడ్డవాళ్ళకి ఇక్కడ పనికొచ్చేవి రెండు: పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తెచ్చిన 'దామిని', కర్ణాటక ప్రకృతి విపత్తుల పర్యవేక్షణ కేంద్రం తెచ్చిన 'సిడిలు'. కన్నడలో సిడిలు అంటే పిడుగు, గుడుగు అంటే ఉరుము, మించు అంటే మెరుపు. ఈ మూడు మాటలు వస్తే అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌తో సగం పని అయినట్టే.

ఉపగ్రహ చిత్రాలకి వాతావరణ శాఖ సైటులో ఇన్సాట్ ఇన్‌ఫ్రారెడ్ చూడండి. మబ్బు తల మైనస్ 60 డిగ్రీలకంటే చల్లగా కనిపిస్తే అది ఎదిగిన మబ్బు. చిత్రం మీ చేతికి వచ్చేసరికి కొంత ఆలస్యం అయి ఉంటుందని మరవకండి. చెన్నై రాడార్ చూసి బెంగళూరు లెక్క కట్టేవాళ్ళకి ఒక మాట. ఆ రాడార్ ఇక్కడికి సుమారు 290 కిలోమీటర్లు. భూమి వంపు వల్ల దాని కిరణం బెంగళూరు చేరేసరికి 7 కిలోమీటర్ల ఎత్తు దాటి ఉంటుంది. అంటే మబ్బు పైభాగం మాత్రమే కనిపిస్తుంది. చిన్న మబ్బు అసలు కనపడదు, కింద కురుస్తున్న వాన సంగతీ తెలియదు.

విండీ అనే వాతావరణ యాప్‌లో కేప్ (మబ్బు పైకి లేవడానికి గాలిలో ఎంత శక్తి ఉందో చెప్పే లెక్క) అనే అంకె చూసి మురిసిపోయేవాళ్ళు చాలామంది. 1000 దాటితే సరుకు ఉంది, 2500 దాటితే గట్టి సరుకు. కానీ అది పేలుడు సామగ్రి మాత్రమే, అగ్గిపుల్ల కాదు. 3000 చూపించిన రోజు కూడా వైట్‌ఫీల్డులో కుంభవృష్టి, జయనగర్లో దుమ్ము ఉండొచ్చు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు మనం ఎదురుచూసిన మబ్బు ఇంకెవరి నెత్తినో పడుతుంది. లోతుగా వెళ్ళాలనుకునేవాళ్ళు వయోమింగ్ విశ్వవిద్యాలయం సైటులో స్టేషన్ సంఖ్య 43295 తో బెంగళూరు వాతావరణ బెలూన్ పైకి వెళ్తూ కొలిచిన లెక్కలు చూడొచ్చు. ఉదయం 5:30 నాటి లెక్కలో కేప్ తక్కువే కనిపిస్తుంది, నేల అప్పటికింకా వేడెక్కి ఉండదు.

మబ్బు ఎంత దూరంలో ఉందో చేత్తో కొలవొచ్చు. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే అది ఆకాశంలో దాదాపు 10 డిగ్రీలు. ఎదిగిన ఉరుము మబ్బు తల మామూలుగా 14 కిలోమీటర్ల ఎత్తున, కమ్మరి దాగలిలా చదునుగా పరుచుకుని ఉంటుంది. ఆ చదును అంచు నేల గీత నుంచి ఒక పిడికిలి మీద కాస్త ఎక్కువుంటే మబ్బు 60 కిలోమీటర్లలో ఉన్నట్టు. రెండున్నర పిడికిళ్ళయితే 30. నాలుగు దాటితే లెక్క ఆపి లోపలికి నడవండి.

ఎక్కడ కూర్చోవాలి?

మంచి ఫొటో 30 నుంచి 60 కిలోమీటర్ల దూరంలోని మబ్బుతోనే వస్తుంది, నెత్తి మీది దానితో కాదు. దగ్గరికొస్తే వాన తెర అడ్డం, లెన్సు మీద నీళ్ళు, ప్రాణం మీద భయం. కాబట్టి వెతుక్కోవాల్సింది దూరపు నేల గీత. ఇది అర్థమైతే నంది కొండ ఎక్కాలన్న ఆలోచన మీరే మానుకుంటారు. 1478 మీటర్ల శిఖరం మీద ఉరుముల వేళ నిలబడటం పిడుగుకి మీరే గురి చూపించడం. సావనదుర్గ లాంటి బోడి రాతి గుట్టలూ అంతే.

ఎనిమిదో అంతస్తు పైన, ఎదురుగా ఖాళీ ఉన్న బాల్కనీ దొరికితే అంతకంటే అదృష్టం లేదు. మబ్బు దూరాన ఉన్నంతసేపు బాల్కనీ అంచున, 10 కిలోమీటర్లలోకి వచ్చాక కెమెరాని అక్కడే వదిలి మీరు తలుపు లోపల. బాల్కనీకి పావురాల వల ఉంటే లెన్సుని వలకి ఆనించి పెట్టండి. ఒక అడుగు వెనక్కి పెడితే వల దారాలు బూడిదరంగు గీతలుగా పడతాయి. అద్దం వెనక నుంచి తీస్తే హుడ్‌ని అద్దానికి ఆనించి, గదిలో లైట్లన్నీ ఆర్పేయండి, రౌటర్ మీద మినుకుమనే లైటుతో సహా.

పీజీలో ఉండే పిల్లలు టెర్రస్ ఎక్కుతామంటారు. బట్టలారేసే ఇనుప తీగలు, నీళ్ళ ట్యాంకు పైపులు, ఇనుప మెట్లు, వీటి మధ్య నిలబడటానికి నేను ఒప్పుకోను. మెట్ల గది కిటికీలోంచి తీయండి. కోణం తక్కువే, కానీ చాలు.

ఊరి బయట హొసకోట, దేవనహళ్ళి వైపు నేల గీత బాగా కనిపిస్తుంది. అక్కడైతే కారులోనే, అద్దాలు పూర్తిగా ఎత్తి, డోరు లోహానికి చెయ్యి తగలకుండా కూర్చోవాలి. పిడుగు పడినా కరెంటు కారు లోహపు ఒంటి మీదుగా నేలకి దిగిపోతుంది. రబ్బరు టైర్లు కాపాడతాయన్నది ఉత్త మాట. బైకు మీద వచ్చినవాళ్ళకి ఈ రక్షణ లేదు, అసలు రావద్దు. కారులో ట్రైపాడ్ కుదరదు కాబట్టి గుడ్డ సంచిలో రెండు కిలోల బియ్యం పోసి డాష్‌బోర్డు మీద పెట్టి, దానిలో కెమెరా కూరండి. కదలదు. అద్దానికి లోపల ఆవిరి పడితే ఏసీ వేసి గాలి అద్దం మీదికి తిప్పండి.

హైవే అంచున, ఫ్లైఓవర్ మీద ఆపొద్దు. గాలి లేచేటప్పుడు చెట్టు కింద అసలే ఆపొద్దు. బెంగళూరులో గాలివానకి గుల్‌మొహర్ కొమ్మలు, పాత రెయిన్ ట్రీలు కూలడం ఏటా ఉండేదే. తిరుగు ప్రయాణంలో నీళ్ళు నిలిచిన అండర్‌పాస్‌లోకి దిగొద్దు. 2023 మే 21న కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో కారు మునిగి మన తెలుగమ్మాయే ప్రాణం పోగొట్టుకుంది. ఎంత లోతో కళ్ళతో చూసి చెప్పలేరు, ఆగిపోండి.

కెమెరాలో ఏం పెట్టుకోవాలి?

ముందు ఒక సూత్రం బుర్రకెక్కించుకోవాలి. మెరుపు ఎంత ప్రకాశంగా పడాలో నిర్ణయించేది అపర్చరు (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం), ఐఎస్‌ఓ (వెలుగుకి సెన్సారు స్పందించే స్థాయి). షట్టరు కాదు. మెరుపు సెకనులో చిన్న ముక్క, షట్టరు ఎంతసేపు తెరిచినా దాని వెలుగు మారదు. షట్టరుతో మారేది ఊరి లైట్ల వెలుగు. బెంగళూరు చుట్టూ ఆకాశం నారింజ రంగులో మండుతూ ఉంటుంది కాబట్టి పల్లెలో పనిచేసే 20 సెకన్ల లెక్క ఇక్కడ తెల్లగా మాడిపోతుంది.

రాత్రి పూట 30 కిలోమీటర్లు దాటిన మెరుపుకి అపర్చరు ఎఫ్ 4 నుంచి 5.6, ఐఎస్‌ఓ 200, షట్టరు 4 నుంచి 8 సెకన్లు. పది, పదిహేను కిలోమీటర్లలో అయితే ఎఫ్ 8, ఐఎస్‌ఓ 100. మెరుపు గీత మధ్యలో రంగు లేకుండా లావుగా తెల్లటి కడ్డీలా వస్తే అపర్చరు ఒక మెట్టు మూయండి. దూరపు మబ్బుకి 50 మిల్లీమీటర్ల లెన్సు చాలు. 24 పెడితే మబ్బు కింద మూల చిన్న ముద్దలా ఉంటుంది.

ఫోకస్ చేత్తోనే. లెన్సు మీద అనంతం గుర్తుని నమ్మొద్దు. దూరాన టవర్ మీది ఎర్ర లైటుని లైవ్ వ్యూలో పదింతలు పెద్దది చేసి పదును చూసి, రింగు మీద టేపు అతికించండి. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు స్టెబిలైజేషన్ ఆపేయండి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ కూడా ఆపాలి, లేకపోతే 8 సెకన్ల ఫొటో తర్వాత మరో 8 సెకన్లు కెమెరా కళ్ళు మూసుకుంటుంది, అందరూ పోగొట్టుకునే మెరుపు అప్పుడే వస్తుంది. వైట్ బ్యాలెన్స్ 4000 దగ్గర ఆపి, రా (RAW) ఫైలు, అంటే కెమెరా మార్పులు చేయని అసలు ఫైలు, తీయండి. డ్రైవ్ కంటిన్యూయస్‌లో పెట్టి, రిమోట్ కేబుల్ మీట నొక్కి లాక్ చేస్తే అదే తీసుకుంటూ పోతుంది. 5 సెకన్ల లెక్కన గంటకి 700 ఫొటోలు, ఒక్కోటి 25 ఎంబీ అనుకున్నా 17 జీబీ పైచిలుకు. 64 జీబీ కార్డు, రెండు బ్యాటరీలు పెట్టుకోండి.

పగటి మెరుపు కష్టం. ఆరు స్టాపుల ఎన్‌డీ ఫిల్టరు (వెలుగు తగ్గించే నల్లద్దం), ఎఫ్ 11, ఐఎస్‌ఓ 100, షట్టరు అర సెకను దగ్గర వరుసగా తీస్తూ పోవాలి. లేదా మెరుపు ట్రిగ్గర్ కొనాలి. ట్రిగ్గర్ మొదటి వెలుగు చూశాకే షట్టరు నొక్కుతుంది కాబట్టి ఆ మొదటిది దొరకదు. ఒకే మెరుపులో చాలాసార్లు మూడు నాలుగు దెబ్బలుంటాయి, దొరికేవి తర్వాతవి. ఒకే దెబ్బతో ఆగిపోయిన మెరుపు పోయినట్టే.

ఫోనే ఉన్నవాళ్ళు నైట్ మోడ్ వాడొద్దు. అది చాలా చిన్న ఫొటోలని కలిపి సగటు తీస్తుంది, మెరుపు పలచబడి మాయమవుతుంది. ప్రో మోడ్‌లో ఐఎస్‌ఓ 50, షట్టరు 4 సెకన్లు, ఫోకస్ కొండ గుర్తు మీద. పగలైతే ఎక్స్‌పోజర్ లాక్ చేసి 4కె వీడియో తీసి, అందులోంచి ఫ్రేము బయటికి తీయండి, 8 మెగాపిక్సెల్ వస్తుంది. ఫ్రేములో సగం వెలుగు, సగం చీకటి పట్టీగా పడితే ఫోను పాడయిందని కంగారుపడొద్దు. సెన్సారు పై వరుస నుంచి కింది వరుసకి చదువుతుండగా మెరుపు వచ్చి పోయింది, అంతే.

ఇరవై నిమిషాల మెరుపులన్నీ ఒకే ఫొటోలో కలిపి పెట్టడం తప్పు కాదు. కలిపానని రాయకపోవడం తప్పు.

ఎప్పుడు లోపలికి పోవాలి?

మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు. 30 సెకన్లంటే 10 కిలోమీటర్లు, అదే హద్దు. అర్జునా ఫల్గుణా అనుకుంటూ అయినా సరే, లోపలికి. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు బయటికి రావొద్దు. ఇక్కడ ఒక చిక్కుంది. అవుటర్ రింగ్ రోడ్డు రొదలో చాలా ఉరుములు వినపడవు, అందుకని చెవితోపాటు దామిని కూడా తెరిచి ఉంచండి. చల్లగాలి ఒక్కసారిగా ముఖానికి కొడితే మబ్బు లోపలి చల్లగాలి నేలకి తాకి మీ దాకా వచ్చిందని అర్థం. ట్రైపాడ్ పడేది ఆ నిమిషంలోనే. మధ్య కడ్డీ ఎత్తకుండా, కాళ్ళు వెడల్పు చేసి, కొక్కేనికి నీళ్ళ సీసాల సంచి తగిలించండి. తెగిన కరెంటు తీగ కనిపిస్తే దగ్గరికి పోకుండా బెంగళూరు కరెంటు సంస్థ బెస్కాం 1912 కి ఫోన్ చేయండి.

బదిలీ మీద చెన్నై వెళ్ళేవాళ్ళకి లెక్క తిరగబడుతుంది. అక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులు వేలూరు, రాణిపేట వైపు సాయంత్రం లేచి, పడమటి గాలితో రాత్రికి నగరం మీదికి వస్తాయి. కాబట్టి సముద్రం వైపు కాదు, పడమర వైపు కిటికీ ఉన్న ఇల్లు చూసుకోండి. మబ్బు నగరం దాటి సముద్రం మీదికి వెళ్ళాకే తూర్పు వైపు ఫొటో. అప్పుడు కూడా ఇసుకలో నిలబడొద్దు.

కెమెరాని చల్లటి ఏసీ గదిలోంచి తిన్నగా బయటి తేమలోకి తీసుకెళ్ళొద్దు. సంచి మూసి 20, 30 నిమిషాలు ఉంచితే లెన్సుకి ఆవిరి పట్టదు. తడిసిన ట్రైపాడ్ కాళ్ళు పూర్తిగా లాగి రాత్రంతా ఫ్యాను కింద వదిలేయండి. లెన్సులు మూత బిగుతుగా ఉన్న డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టాలి. తడి సంచిలోనే మర్చిపోతే జూన్, జూలై ముసురుకి అద్దం లోపల సాలెగూడులా బూజు పడుతుంది. దాన్ని తుడిపించే ఖర్చుతో పాత లెన్సు ఇంకొకటి వస్తుంది.