దోస్త్‌లో ఆప్షన్లు పెట్టే ముందు, మా అల్లుడికి

అల్లుడూ,

ఇంటర్ పాసై మొబైల్ షాపులో కుదిరావనీ, నెలకు పన్నెండు వేలు ఇస్తామన్నారనీ మీ అమ్మ చెప్పింది. సంతోషం. పని నేర్చుకుంటానంటే నేనెందుకు వద్దంటాను? కానీ "డిగ్రీ చేసి ఏం లాభం, బీటెక్ చేసినోళ్లే ఖాళీగా తిరుగుతున్నారు" అన్నావట. అందుకే, డిగ్రీ సీట్లు ఆన్‌లైన్‌లో ఇచ్చే దోస్త్‌లో ఆప్షన్లు పెట్టే ముందే ఈ ఉత్తరం.

నా సర్వీసంతా డిగ్రీ కాలేజీ ఆఫీసులోనే గడిచింది. అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ స్టడీ సెంటర్ కూడా మా దగ్గరే ఉండేది. ఇంటర్‌తో కానిస్టేబుల్ అయిన ఒకాయన నైట్ డ్యూటీ దిగి, ఖాకీ ప్యాంటు మీదే పరీక్షకు వచ్చేవాడు. గంట కొట్టేదాకా వరండాలో గోడకు ఆనుకుని కునికిపాట్లు పడుతుండేవాడు. ఎందుకయ్యా ఈ తిప్పలంటే, "ఎస్సై నోటిఫికేషన్ పడితే అప్లై చేయడానికే లేదు సార్, డిగ్రీ అడుగుతున్నారు" అన్నాడు. పెళ్లాం పిల్లలు, డ్యూటీలు, వాటి మధ్య చదువు. నీకిప్పుడు ఆ బరువులేవీ లేవు.

గ్రూప్-1, గ్రూప్-2, బ్యాంకు పీవో, క్లర్కు, రైల్వేలో స్టేషన్ మాస్టర్, అన్నింటికీ డిగ్రీ ఉండాల్సిందే. బీఈడీ చేసి టీచరవుదామన్నా, మూడేళ్ల లా చదువుదామన్నా, ఐసెట్ ఎంట్రన్స్ రాసి ఎంబీఏకి పోదామన్నా అంతే. డిగ్రీ ఉన్నంత మాత్రాన ఇవన్నీ వచ్చి ఒళ్లో పడతాయా? పడవు. నువ్వన్న ఆ ఖాళీగా తిరిగేవాళ్లలో డిగ్రీ వాళ్లూ ఉన్నారు, కాదనను. కాకపోతే వాళ్లు ప్రతి నోటిఫికేషన్‌కూ అప్లై చేసుకోగలరు. నువ్వు చూస్తూ ఊరుకోవాలి.

సర్కారు ఉద్యోగం నాకొద్దు, సొంత షాపు పెడతానంటావా, ఇంకా మంచిది. నీది సీఈసీయే కదా, బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ తీసుకో. ఇప్పుడు మీ ఓనర్ జీఎస్టీ రిటర్నులు ఎవరితో వేయిస్తున్నాడో, దానికి ఎంత ఇస్తున్నాడో ఒకసారి అడిగి చూడు. కొన్న బిల్లు మీద కట్టిన పన్నును అమ్మినప్పుడు వసూలు చేసిన పన్నులోంచి ఎలా తగ్గించుకోవాలో తెలియక నష్టపోయే చిన్న వ్యాపారులు మన బజార్లోనే ఉన్నారు. బ్యాలెన్స్ షీట్ చదవడం వస్తే రేపు లోన్ కోసం బ్యాంకుకు పోయినప్పుడు మేనేజర్ అడిగేదేమిటో నీకు ముందే తెలుస్తుంది.

ఇక కాలేజీ సంగతి. "క్లాసులకు రాకపోయినా ఫర్వాలేదు, పరీక్షలు రాస్తే చాలు" అనే చోటును దోస్త్ వెబ్ ఆప్షన్లలో అసలు పెట్టకు. అలాంటి చోట మూడేళ్లు పోయి మెమో ఒక్కటే మిగులుతుంది. మన సర్కారు డిగ్రీ కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెట్టు. ఫీజు తక్కువ, రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైందని సర్టిఫికెట్లు ఆపుతారన్న బెంగ ఉండదు, పాఠాలు చెప్పేవాళ్లలో చాలామంది నెట్, సెట్ లాంటి లెక్చరర్ అర్హత పరీక్షలు, పీహెచ్‌డీలు చేసినవాళ్లు. స్కాలర్‌షిప్ రావాలంటే 75 శాతం హాజరు ఉండాలి, మర్చిపోకు. ఎన్‌సీసీ ఉంటే చేరు. కనీసం బీ గ్రేడ్‌తో సీ సర్టిఫికెట్, డిగ్రీలో 50 శాతం మార్కులు ఉంటే, ఆర్మీ ఆఫీసర్ పోస్టుకు ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీలో రాత పరీక్ష లేకుండానే, షార్ట్‌లిస్టయితే ఎస్‌ఎస్‌బీ (ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డు) ఇంటర్వ్యూకు పిలుస్తారు. ఈ సంగతి కాలేజీలో చదివే పిల్లల్లోనే చాలామందికి తెలియదు.

మొదటి సెమిస్టర్లో ఇంగ్లీషు పేపరు చూసి భయపడతావు, అందరూ భయపడతారు. ఏదైనా పేపరు తప్పి బ్యాక్‌లాగ్ పడితే వెంటనే ఫీజు కట్టి రాసెయ్. ఒక్క పేపరు మిగిలిపోయి, పదేళ్ల తర్వాత ప్రొవిజనల్ సర్టిఫికెట్ కోసం మా కౌంటర్ ముందు నిలబడ్డవాళ్లను చాలామందిని చూశాను.

షాపు మానేయమనడం లేదు. సాయంత్రాలు, ఆదివారాలు చెయ్, జీతం తగ్గితే తగ్గనీ. ఆధార్‌కు మొబైల్ నంబరు లింకైందో లేదో ముందు చూసుకో, లేకపోతే రిజిస్ట్రేషన్ దగ్గర ఇబ్బంది పడతావు. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు రేపే మీసేవలో పెట్టు. మీ ఓనర్‌తో నువ్వే మాట్లాడతావా, నన్ను రమ్మంటావా? రాత్రికి ఫోన్ చేసి చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య