వారం వారం థెరపీకి డబ్బు సరిపోకపోతే?

ప్రశ్న: నా వయసు 29. ప్రైవేటు ఉద్యోగం. ఆరు నెలలుగా ఉన్నట్టుండి గుండెదడ, ఊపిరాడకపోవడం, ప్రాణం పోతుందేమోనన్న భయం వస్తున్నాయి. ఈసీజీ, థైరాయిడ్ పరీక్షలు బాగానే ఉన్నాయి. సైకియాట్రిస్టు ప్యానిక్ డిజార్డర్ అని చెప్పి మందులు రాశారు. సైకాలజిస్టు వారానికోసారి, మూడు నెలలు ఆన్‌లైన్ థెరపీ కావాలంటున్నారు. సెషన్‌కు రూ.1,500. ఇంటికి పంపాక అంత మిగలడం లేదు. నెలకోసారి తీసుకుంటే చాలదా? ఇన్సూరెన్స్ వర్తిస్తుందా?
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: మొదట్లోనే నెలకోసారికి మార్చుకోవడం మంచిది కాదమ్మా. ప్యానిక్‌కు ఇచ్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో అసలు పని సెషన్ల మధ్య రోజుల్లోనే జరుగుతుంది. భయపడి మానేసిన లిఫ్టు, బస్సు, రద్దీ వంటివాటిని కొద్దికొద్దిగా ఎదుర్కొని, ఏం జరిగిందో రాసుకుని, మరుసటి వారం థెరపిస్టుతో చర్చించాలి. నెల రోజుల ఎడం వస్తే తప్పించుకునే అలవాటు మళ్లీ బలపడుతుంది. అయితే ఈ చికిత్స ఏళ్ల తరబడి సాగేది కాదు. సాధారణంగా 12 నుంచి 16 సెషన్లు సరిపోతాయి. మీ లెక్కలో 12 సెషన్లకు రూ.18,000 అవుతుంది. మొదటి ఆరు వారాలు వరుసగా తీసుకుని, గుణం కనిపిస్తే తర్వాత పదిహేను రోజులకోసారికి మార్చవచ్చా అని థెరపిస్టునే అడగండి. ఫీజు తగ్గించమని అడగడానికీ మొహమాటపడనవసరం లేదు, చాలామంది తగ్గిస్తారు. మొత్తం ప్యాకేజీకి ముందే డబ్బు కట్టవద్దు.

ఇన్సూరెన్స్ విషయంలో చాలామంది పొరబడుతుంటారు. శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. అన్ని పాలసీల్లోనూ దీన్ని 2022 అక్టోబరు 31 లోగా అమలు చేయాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశించింది కూడా. కానీ మామూలు పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే చెల్లిస్తాయి, మీ థెరపీ ఓపీ కిందికి వస్తుంది. కాబట్టి ఓపీ కవరేజీ ఉందా, అందులో సైకాలజిస్టు ఫీజు కూడా చేరుతుందా అని రెండు ప్రశ్నలూ విడివిడిగా అడగండి. రసీదులు, సైకియాట్రిస్టు రాసిన చీటీ దాచుకోండి. అంతకంటే ముందు, మీ కంపెనీలో ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రామ్ (ఉద్యోగులకు కంపెనీ తరఫున కౌన్సెలింగ్ ఇప్పించే ఏర్పాటు) ఉందేమో కనుక్కోండి. ఉంటే కొన్ని సెషన్లు ఉచితంగా దొరికే అవకాశం ఉంది. మీ వివరాలు కంపెనీకి చేరవని మాత్రం ముందే నిర్ధారించుకోండి.

ఇవేవీ కుదరకపోతే ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. ఆ పేరు వినగానే మనవాళ్లు వెటకారమాడతారు గానీ, అక్కడి ఓపీకి మీలాంటి ఉద్యోగులూ వస్తారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ 14416కు ఏ వేళలో ఫోన్ చేసినా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. అది వారం వారం థెరపీకి బదులు కాదు, సెషన్ల మధ్య భయం ఎక్కువైనప్పుడు ఆసరా. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం తర్వాతి సెషన్ వరకు ఆగకండి, వెంటనే ఆ నంబరుకు ఫోన్ చేయండి లేదా ఆసుపత్రికి వెళ్లండి.

ఖర్చు కలిసివస్తుందని మందులను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు.